మనిషి అక్కర్లేదని రాయాల్సి వచ్చిన ప్రవల్లిక

ప్రవల్లిక ఉద్యోగం పేరు ఏటా మారేది. పని మాత్రం మారేది కాదు. ఒక ఏడాది కాగితాల మీద ఆమె పోషకాహార కార్యకర్త. మరుసటి ఏడాది పారిశుద్ధ్య పర్యవేక్షకురాలు. ఆ తర్వాత ఏదో కంపెనీ బాలికల చదువు కోసం డబ్బిస్తే, ఒక్క బాలికకూ ఒక్క అక్షరం నేర్పకుండానే ఆమె టీచరమ్మ అయింది. ఇన్ని పేర్ల కింద ఆమె చేసింది ఒకటే పని. ఢిల్లీలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు నిధులు అడుగుతూ ఫౌండేషన్లకు ప్రపోజల్స్ రాయడం.

ఈ దాగుడుమూతలకు కారణం ఉంది. సేవకు డబ్బిస్తామనే ఫౌండేషన్లలో చాలావరకు, ఆ సేవ గురించి రాసే మనిషికి జీతం ఇవ్వడానికి ఒప్పుకోవు. ప్రపోజల్ చక్కగా ఉండాలి, ఇంగ్లీషు నున్నగా ఉండాలి, పట్టికలు సరిపోవాలి. రాసిన మనిషి మాత్రం గాలి తిని బతకాలి. అందుకని సంస్థలు ఆ మనిషిని ఏ పద్దులో చోటుంటే ఆ పద్దులో కూర్చోబెడతాయి. ప్రవల్లికనూ అలాగే కూర్చోబెట్టారు. తను రాసిన ఏ ప్రపోజల్ మీదా ఆమె పేరు లేదు. ఫౌండేషన్ వాళ్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆమె ఆఫీసులో ఉండకూడదు. కాగితాల ప్రకారం ఆమె బస్తీల్లో తిరుగుతుండాలి కదా. మునిర్కాలోని ఆ రెండు గదుల ఆఫీసులో తన ప్రపోజల్‌ను ఎవరో మెచ్చుకుంటున్నంతసేపూ ఆమె ఎదురుగా ఉన్న పార్కు బెంచీ మీద కూర్చునేది. కార్లు వెళ్లిపోయాక లోపలికొచ్చి కప్పులు కడిగేది.

అన్యాయంగా లేదా అని ఎవరన్నా అడిగితే, "ఎవరికి చెప్పుకుంటం? చెప్పుకుంటే ఉన్నది గూడ పోతది" అనేసి కంప్యూటర్ వైపు తిరిగిపోయేది.

నర్సంపేటలో పుట్టిన పిల్ల. తండ్రి ఆర్టీసీ కండక్టరు. డిగ్రీ అయ్యాక సివిల్స్ రాస్తానని ఢిల్లీ రైలెక్కింది. జియా సరాయ్‌లో, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలే గదిలో, మరో అమ్మాయితో కలిసి ఉండేది. ప్రిలిమ్స్ దాటినప్పుడల్లా తండ్రి డిపోలో స్వీట్లు పంచేవాడు. మెయిన్స్‌లో పోయినప్పుడల్లా డిపోకు సెలవు పెట్టేవాడు. అవకాశాలన్నీ అయిపోయాక ఊరికి తిరిగి వెళ్లడానికి ఆమెకు మనసొప్పలేదు. దారిలో ఎదురయ్యే ప్రతి మనిషికీ జవాబు చెప్పుకుంటూ నడవాలి. ఢిల్లీలో ఎవరూ అడగరు. ఉండిపోయింది.

ఆ చదువు ఆమెకు ఇచ్చింది ఒక్కటే. ఏ విషయం మీదైనా, అడిగినంత మేరకే, అడిగిన వరసలో, మంచి ఇంగ్లీషులో రాయగలదు. మెయిన్స్ జవాబుల కోసం ఏళ్ల తరబడి చేసిన ఆ సాధనకి ప్రపోజల్స్‌లోనే గిరాకీ దొరికింది.

ఆ సంస్థలోకి ఆమె వచ్చింది లీలావతి ఆంటీ వల్ల. గదిలో ఉండే అమ్మాయికి డెంగీ వస్తే నగరంలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఓపీ విభాగంలో, మెట్ల పక్కన, ఒక బల్ల కనిపించింది. దానికి వేలాడదీసిన గుడ్డ మీద తెలుగు, ఒడియా అక్షరాలు. మీ భాషలో మాట్లాడతాం, రండి అని. బల్ల వెనక అరవై దాటిన ఒక మనిషి, గుడివాడ యాసలో ఒక ముసలాయన్ని తిడుతోంది.

"పరగడుపునే వేసుకోమన్నారు మాత్ర. పొద్దున్నే ఏం తాగుతావు?"

"చాయ్ అండీ. చాయ్ ఒక్కటే."

"ఒక్కటే. అందులో బిస్కెట్టు ముంచుకోవూ?"

"రెండండి."

"రెండు బిస్కెట్లు ముంచుకుని పరగడుపంటాడు ఈ పెద్దమనిషి. పద, డాక్టరుకి చెబుదాం నీ పరగడుపు సంగతి."

ఆమే లీలావతి. భర్త కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ద్వారకలో ఫ్లాటు. ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతున్నాయని మెట్రో ఎక్కి ఆస్పత్రికి వచ్చేది. సంస్థ ఇచ్చేది దారిఖర్చుల మీద కొంచెం ఎక్కువ. కోపం ఎక్కువ, మాటలు ఎక్కువ. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పేది కాదు. కఠినమైన మాటల్ని తగ్గించి చెప్పేది, చెప్పని మాటలు కలిపి చెప్పేది. కానీ దక్షిణాది రైలు దిగి, హిందీ ముక్క రాక, చీటీ పట్టుకుని గోడల మీది బాణం గుర్తులు చూస్తూ తిరిగే మనుషులకి ఆ బల్ల దగ్గర ఒక్కటి దొరికేది. అడగడం చేతకాని వాళ్ల తరఫున అడిగే నోరు.

ఆంటీయే ప్రవల్లికను ఆ బల్ల నడిపే సంస్థకు తీసుకెళ్లి రాత పనిలో పెట్టించింది. ఆమె జీవితంలో ఆ తర్వాత జరిగిందంతా ఆ బల్లను నిలబెట్టడానికి చేసిన ప్రయత్నమే. ఇచ్చేవాళ్లు మారుతుండేవారు. వాళ్ల ఇష్టాలు మారుతుండేవి. ఆమె రాసి, ఎక్కడో ఒకచోట నుంచి తెచ్చి, బల్లను నిలబెట్టేది.

ఒక ఏడాది, అప్పటిదాకా డబ్బిస్తున్న పాత ట్రస్టు చేతులెత్తేసింది. గురుగ్రామ్‌లో ఆఫీసున్న ఒక కార్పొరేట్ ఫౌండేషన్ కొత్తగా దరఖాస్తులు పిలిచింది. సంస్థ నడిపే నిరంజన్ ఆ ప్రకటనను ప్రింటు తీసుకుని ఆమె దగ్గరికొచ్చాడు. నిరంజన్ తెలుగువాడే. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కావడంతో ఆర్కే పురం క్వార్టర్లలో పెరిగాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం హిందీ ముందొస్తుంది.

"ఇస్ బార్ టెక్నాలజీ థీమ్ హై. యాప్ లేకపోతే తెరిచి కూడా చూడరు."

"మనది యాప్ పని కాదు గద సర్. లీలావతి ఆంటీ పని."

"ముఝే పతా హై, తెలుసు. కానీ వాళ్ల థీమ్‌లలో ఆంటీ లేదు కదా, క్యా కరే, ఏం చేస్తాం."

ఆమె మొదటిసారి రాసింది నిజమే. బల్ల దగ్గర మనుషులుంటారు, వాళ్ల చేతిలో ఫోను ఉంటుంది, మాట తడుముకుంటే ఫోను సాయం చేస్తుంది అని. అన్ని గడులూ నింపి చివరి ప్రశ్న దగ్గర ఆగింది. మా నిధులు ఆగిపోయాక ఈ పని ఎలా కొనసాగుతుంది?

ఈ ప్రశ్న లేని ప్రపోజల్ ఆమె ఎక్కడా చూడలేదు. ఆఫీసులో ఆ గడికి 'ప్రార్థన' అని పేరు పెట్టుకున్నారు. సమాజమే ముందుకొచ్చి బాధ్యత తీసుకుంటుందని, స్థానిక కమిటీలు ఏర్పడతాయని, ప్రభుత్వం దత్తత తీసుకుంటుందని రాస్తారు. రాసేవాళ్లు నమ్మరు, చదివేవాళ్లు నమ్మరు. రెండేళ్ల తర్వాత ఎవరూ ఆ పేజీ తిప్పి చూడరు. దరఖాస్తుల ఆటలో అదొక మర్యాద. ప్రవల్లిక ఆ గడిలో ఆస్పత్రి యాజమాన్యంతో చర్చిస్తామని రాసి పంపింది.

ఫౌండేషన్‌లో దరఖాస్తులు చూసే భావన అనే అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాదు పిల్ల, ఫోన్ ఎత్తిన ప్రవల్లిక యాస పట్టి తెలుగులోనే మొదలుపెట్టింది.

"రైటింగ్ చాలా బాగుందండీ. బట్ మీ బడ్జెట్ నిండా మనుషులే ఉన్నారు."

"మాది మనుషుల పనే కదండీ."

"నాకు అర్థమైంది. మా బోర్డుకి అర్థం కావాలి కదా. వాళ్లు అడిగేది ఒకటే, ఎప్పటిదాకా ఇవ్వాలి అని. ఎండ్ కనిపించాలి వాళ్లకి. సెకండ్ ఇయర్‌లో హ్యూమన్ రోల్ తగ్గిపోతుందని ఒక్క లైన్ రాయండి. మిగతాది నేను చూసుకుంటా."

"తగ్గకపోతే?"

"అప్పుడు చూద్దాం లెండి. అందరూ రాస్తారు."

భావన చెడ్డ మనిషి కాదు. ఆ బల్లకి డబ్బు ఇప్పించాలనే ఆమె తాపత్రయం. ప్రవల్లికదీ అదే. పాత నిధులు ఆ నెలతో ఆఖరు. రాయకపోతే వచ్చే నెల నుంచి ఆ మెట్ల పక్కన ఎవరూ ఉండరు. ఆమె ప్రార్థన గడి చెరిపి మళ్లీ రాసింది. రెండో ఏడాది ముగిసేసరికి రోగులు యాప్ ద్వారా స్వతంత్రంగా సమాచారం పొందగలుగుతారని, మాట్లాడి పెట్టే కార్యకర్తల అవసరం దశలవారీగా తొలగిపోతుందని. ఇంగ్లీషులో అది చాలా హుందాగా ఉంది. నిరంజన్ చదివి, "క్లీన్" అన్నాడు.

బల్ల నిలబడాలని రాసిన వాక్యం అది.

డబ్బు వచ్చింది. ఆఫీసులో లడ్డూలు పంచారు. లీలావతి ఆంటీ లడ్డూ సగం తుంచుకుని సగం రుమాలులో కట్టుకుంది, ఇంట్లో షుగరున్న భర్తకు చూపించి తినడానికని.

"యాప్ అంటే నా ఫోన్లోనే వస్తుందా, వేరే ఇస్తారా?"

"వేరే ఇస్తరు ఆంటీ, పెద్దది."

"పెద్దదెందుకు, నాకు కొత్త కుర్చీ ఇప్పించు. దీని కాలు నన్ను ఎప్పుడో పడేస్తుంది. అది రాయలేదా నీ ఇంగ్లీషులో?"

"రాయలే."

"అన్నీ రాస్తావు, కుర్చీ రాయవు."

మొదటి ఏడాది నవ్వుకుంటూనే గడిచింది. యాప్ తయారు చేసిన కుర్రాళ్లు వచ్చి ఆంటీ మాటలు రికార్డు చేసుకుపోయారు. డాక్టరు హిందీలో చెబితే ఆ యాప్ తెలుగులో చెప్పేది. తప్పుల్లేకుండా చెప్పేది, అదీ నిజమే. ఆంటీ దాన్ని బల్ల మీద పక్కన పెట్టుకుని, జనం పల్చగా ఉన్నప్పుడు దానితో వాదన పెట్టుకునేది.

రెండో ఏడాది సగంలో ఫౌండేషన్ నుంచి ఇద్దరు వచ్చారు. భావన రాలేదు, ఆమెను వేరే విభాగానికి మార్చారు. ఎప్పటిలాగే ప్రవల్లిక పార్కు బెంచీ మీద ఉంది. వాళ్లు నిరంజన్‌తో ఆస్పత్రికి వెళ్లి బల్ల చూశారు, ఆంటీని చూశారు, ఇంకా ఈవిడ ఎందుకున్నారని అడిగారు. నిరంజన్ కొంత గడువు కావాలన్నాడు. వాళ్లు దరఖాస్తు కాపీ తీసి ఆ పేజీ చూపించారు. వాళ్లు కోపంగా మాట్లాడలేదని నిరంజన్ తర్వాత చెప్పాడు. చాలా మంచి ప్లాన్ అని మెచ్చుకున్నారట. మీరు రాసిందే మేం చేయమంటున్నాం, మిగతా నిధులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి అన్నారట.

ఏళ్ల తరబడి ఎవరూ చదవని గడిని మొదటిసారి ఎవరో చదివారు.

బల్ల తీసేసే రోజు ప్రవల్లిక ఆస్పత్రికి వెళ్లింది. గోడకి ఇనప స్టాండు బిగించి, దానికి టాబ్లెట్ తగిలిస్తున్నారు. లీలావతి ఆంటీ బల్ల సొరుగులోంచి తన సామాన్లు తీసుకుంటోంది. జండూబామ్, కళ్లద్దాల పెట్టె, ఎవరో రోగి ఇచ్చిపోయిన చింతపండు పొట్లం.

"నన్ను తీసెయ్యమని రాసిందెవరే?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"నేనే ఆంటీ."

"నువ్వా. ఏమని రాశావు, తెలుగులో చెప్పు."

ప్రవల్లిక చెప్పింది. అవసరం దశలవారీగా తొలగిపోతుంది. తెలుగులో అది అంత హుందాగా లేదు.

ఆంటీ చాలాసేపు సొరుగులో ఏదో వెతికింది. "బాగానే రాశావు. నాకే నమ్మాలనిపిస్తోంది" అంది. ఆ తర్వాత బల్ల గుడ్డ విప్పి మడతపెట్టుకుంది. "ఇది నేను తీసుకుపోతా. ఇక్కడుంటే నేల తుడవడానికి వాడతారు."

ఇద్దరూ మెట్రో దాకా కలిసే నడిచారు. ఆంటీ మోకాళ్ల గురించి, ఫ్లాటులో లిఫ్టు గురించి మాట్లాడింది. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ప్రవల్లిక ఇప్పటికీ అంటుంది.

ఏడాది చివర ఫౌండేషన్‌కు రిపోర్టు వెళ్లాలి. రిపోర్టులో ఒక మనిషి కథ ఉండాలి, ఫోటోతో. కష్టంతో మొదలై చిరునవ్వుతో ముగియాలి. ప్రవల్లిక యాప్ వివరాలు తెరిచి చూసింది. టాబ్లెట్ మీద చివర్లో ఒక పచ్చ బొటనవేలు బొమ్మ, ఒక ఎర్రది వస్తాయి. చెప్పింది అర్థమైతే పచ్చది నొక్కాలి. పచ్చ నొక్కిన తెలుగువాళ్లలో బాపట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన బసవపున్నయ్య ఉన్నాడు. గొంతులో గడ్డ. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఇంకేం, ఆపరేషన్ అయ్యుంటుంది, మాట వచ్చుంటుంది. ఆమె ఫోన్ చేసింది. ఎత్తింది భార్య, జానకీదేవి.

"బసవపున్నయ్య గారు ఉన్నరా అండీ? ఢిల్లీ ఆస్పత్రిల తెలుగు మాట్లాడే మిషన్ ఉన్నది గద, ఆ ఆఫీసు నుంచి."

"ఆ మిషనా. బాగా మాట్లాడిందమ్మా. రేడియోలో మాట్లాడినట్టు ఎంత చక్కగా మాట్లాడిందో."

"సారు ఎట్లున్నరు ఇప్పుడు?"

"ఆయన లేరమ్మా. శ్రావణంలో పోయారు."

అటువైపు మనిషి ప్రవల్లిక అడగకుండానే, ఎవరో అడగాలని ఇన్నాళ్లూ చూస్తున్నట్టు, చెప్పుకుపోయింది.

"తారీఖు చెప్పింది మిషను. కొత్త బిల్డింగు మూడో అంతస్తు అని చెప్పింది. మత్తు డాక్టరు సంతకం తెచ్చుకోమని కూడా చెప్పింది, అది చెప్పలేదని నేననను. ఆయన పచ్చబొమ్మ నొక్కాడు. అర్థమైందనే అనుకున్నాం. ఆ సంతకానికి ముందొకనాడు వేరే చోట వరసలో నిలబడాలంట, మాకేం తెలుసు. ఆపరేషను నాడే పెడతారనుకున్నాం. పస్తుండి, చీకటితో పోయి కూర్చున్నాం. సంతకం లేదని పంపేశారు. మళ్లీ ఎన్నో నెలలకి రాశారు తారీఖు. అది రానే లేదు."

"అక్కడ ఎవర్నన్న అడగపోయినరా అమ్మా?"

"ఏమని అడగాలమ్మా? ఏ భాషలో అడగాలి? మిషను దగ్గరికే మళ్లీ పోయాం. మాట్లాడండి, మాట్లాడండి అంటది అది. ఏం మాట్లాడాలో తెలిస్తే గదా. ఆయనకేమో గొంతు పెగలదాయె. దాని ముందు నిలబడి దణ్ణం పెట్టాడు. వరసలో ఉన్నోళ్లు నవ్వారు."

ప్రవల్లిక ఏడుస్తోందని ఆమెకు ఎలా తెలిసిందో.

"మీ తప్పేం లేదులే అమ్మా. మీరు తెలుగులోనే చెప్పించారు. మాకే తెలివి లేకపోయింది."

బసవపున్నయ్యను చంపింది జబ్బే. ఆపరేషన్ జరిగినా బతికేవాడో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. అయితే అతనికి ఒక అవకాశం ఇచ్చారు, అది ఒక సంతకం దగ్గర పోయింది. పోయిందని తెలిసిన రోజున అతను పట్టుకుని అడగడానికి ఒక మనిషి లేడు. లేకుండా చేసింది దేశంలో అందరూ మంచిపని అని చెప్పుకునే పనే.

ప్రవల్లిక మర్నాడు ద్వారక వెళ్లి లీలావతి ఆంటీకి ఇదంతా చెప్పింది. తిడుతుందనుకుంది. ఆంటీ పప్పు ఏరుతూ విన్నది.

"నేనున్నా అయ్యేదో లేదో. నేనూ మర్చిపోయేదాన్ని ఒక్కోసారి, ఆ సంతకాలూ గదులూ. కాకపోతే ఆ మనిషి దణ్ణం పెడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని కాదు." చేట పక్కన పెట్టి అడిగింది. "ఇప్పుడేం రాస్తావు?"

నిధులు కొనసాగించమని కొత్త ప్రపోజల్ రాయాల్సిన సమయం అది. ప్రవల్లిక ఈసారి రాసింది వేరే. బసవపున్నయ్యకు జరిగింది జరిగినట్టు రాసింది. యాప్ అబద్ధం చెప్పలేదని, అయినా సరిపోలేదని రాసింది. బల్ల తిరిగి పెట్టాలని, కూర్చునే మనుషులకు దారిఖర్చు కాదు, జీతం ఇవ్వాలని రాసింది. మా నిధులు ఆగిపోయాక ఎలా కొనసాగుతుందన్న గడిలో, కొనసాగదు అని రాసింది. ఈ ఆస్పత్రికి భాష రాని రోగులు వస్తున్నంతకాలం ఎవరో ఒకరు డబ్బు ఇస్తూనే ఉండాలని, మొదటి ప్రపోజల్లో తాము రాసింది తప్పని రాసింది.

నిరంజన్ చదివి కళ్లజోడు తీశాడు.

"యే నహీ జాయేగా, ప్రవల్లికా. ఇది పంపలేం."

"ఇందుల అబద్ధం ఏమున్నది సర్?"

"అదే ప్రాబ్లెమ్. ఏమీ లేదు." అతను పేజీ వెనక్కి తిప్పాడు. "ఈయన కేసుని లాస్ట్ టు ఫాలో-అప్ అని వేద్దాం. అంటే తర్వాత మనకి కాంటాక్ట్‌లో లేరు అని. టెక్నికల్లీ కరెక్ట్ హై. అందరూ అలాగే వేస్తారు."

"ఆయన మనకు దొరకకుండ పోలే సర్. మనమే ఆయనకు దొరకలే."

"ఈ డబ్బు రాకపోతే టాబ్లెట్‌లో ఒడియావాళ్ల పని కూడా ఆగుతుంది. ఇక్కడ అందరి జీతాలు. తుమ్హారీ భీ, నీది కూడా."

"నా జీతం ఎప్పుడు నా పేరు మీద వచ్చింది సర్?"

నిరంజన్ నవ్వబోయి మానేశాడు. ఆ కాగితాలు తీసుకుని తన గదిలోకి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనానికి బయటికి రాలేదు. సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి, సంతకం చేసిన పేజీ బల్ల మీద పెట్టాడు.

"భేజ్ దో, పంపేయ్" అన్నాడు. రాసినవారు అన్నచోట అతను తన పేరు తీసేసి ఆమె పేరు రాశాడు.

ఫౌండేషన్ తిరస్కరించింది. ఉత్తరం మర్యాదగా ఉంది, వచ్చే ప్రయత్నాలకు శుభాకాంక్షలు కూడా చెప్పింది. విభాగం మారినా భావన ఫోన్ చేసింది. ఈసారి అండీ లేదు.

"అక్కా, నేను వెళ్లి మాట్లాడాను మా వాళ్లతో. బోర్డు ఏమంటుందంటే, ఎండ్ లేని ప్రాజెక్ట్‌కి ఎలా ఇస్తాం అని."

"ఆస్పత్రికి గూడ ఎండ్ లేదు గదమ్మా. ఎప్పుడు మూస్తరని దాన్ని ఎవరన్న అడుగుతున్నరా?"

"మీరు ఆ కేసుని కొంచెం లోపల, వెనక జతచేసే అనెక్షర్లో పెట్టి ఉంటే..."

"ఏడ పెట్టినా ఆయన చనిపోయిండు."

భావన సారీ అక్కా అని పెట్టేసింది.

సంస్థ తెలుగు, ఒడియా పనులు ఆపేసింది. ఛార్జింగు పెట్టేవాళ్లు లేక టాబ్లెట్ ఆరిపోయింది. ప్రవల్లిక ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో తనిఖీ రిపోర్టులు రాస్తోంది. పొద్దున బస్సులో వెళ్తుంది, చీకటి పడ్డాక బస్సులో వస్తుంది. శనివారం సెలవు. ఆ పూట లీలావతి ఆంటీతో కలిసి ఆస్పత్రికి వెళ్లి ఓపీ చీటీల కిటికీ పక్కన నిలబడుతుంది. కూర్చోవడానికి లేదు. ఎవరైనా తెలుగులో మాట్లాడుకుంటుంటే దగ్గరికెళ్లి ఏ డాక్టరు, ఏ గది అని అడుగుతారు. సెక్యూరిటీవాళ్లు పర్మిషన్ కాగజ్ చూపించమంటారు. బల్లకున్న అనుమతి ప్రాజెక్టుతోపాటే పోయింది. "దీదీ, ఇక్కడ నిలబడొద్దు, సాబ్ చూస్తే మా ఉద్యోగం పోతుంది" అని పాపం వాళ్లు హిందీలో బతిమాలతారు. ఇద్దరూ గేటు బయటికొచ్చి నిలబడతారు. గేటు బయట నిలబడితే లోపల తప్పిపోయిన మనిషి కనబడడు.

ఇది ఒక ప్రవల్లిక కథ అనుకుని పక్కన పెట్టేయకండి. ఢిల్లీ తెలుగువాళ్ల పత్రికలో ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది ఢిల్లీలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో ఉన్నవారు. కొందరు కంపెనీల్లో సేవానిధుల కమిటీల మీద కూర్చుంటారు. మీ ముందుకు వచ్చే దరఖాస్తులో ఈ పని ఎప్పుడు ముగుస్తుందన్న ప్రశ్న ఉంటే, దాన్ని కొట్టేయించండి. మనుషుల జీతాలు ఎక్కువగా ఉన్నాయని ఎవరైనా గొణిగితే, ఆ మనుషులు చేసే పనేమిటో చదవమని అడగండి. ఆ దరఖాస్తు రాసినవాళ్లకి వాళ్ల పేరు మీదే జీతం ఇవ్వండి.

తెలుగు సంఘాల పెద్దలకు ఇంకో మాట. పండగ సభలకు హాళ్లు దొరకబుచ్చుకోవడంలో మీకున్న పలుకుబడి నాకు తెలుసు. మంత్రిత్వ శాఖల్లో మీ సంతకాలకు విలువుంది. ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు ఉత్తరం రాయండి. ఓపీ విభాగంలో భాషా సహాయకులకు ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక అనుమతి కాగితం అడగండి. మొదటి ఉత్తరానికి జవాబు రాదు. రెండోది రాయండి.

మిగతా అందరూ, హిందీ కొద్దోగొప్పో వచ్చినవాళ్లు, జియా సరాయ్ గదుల్లో చదువుకుంటున్న పిల్లలతో సహా, వారంలో ఒక పూట మీకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. మీకు వైద్యం తెలియక్కర్లేదు. తెలుగు మాట వినబడిన చోట ఆగి, చీటీ చూపించమని అడగండి. ఏ గదికెళ్లాలో కనుక్కుని, ఆ గది దాకా వాళ్లతో నడవండి.